కర్రిని తీసుకెళ్లాలా, వదిలి వెళ్లాలా? ఒక ఏజెన్సీ, ఒక వసతి, పదకొండు నెలలు

నిరుడు మార్చిలో మా ఆఫీసువాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండు నెలల ప్రాజెక్టు ఉందనీ, మే నెలాఖరుకల్లా అక్కడ ఉండాలనీ చెప్పినప్పుడు మా ఇంట్లో మొదట లేచిన ప్రశ్న అమ్మాయి బడి గురించి కాదు, కర్రి గురించి. కర్రి ఎనిమిదేళ్ల నల్లటి ఊరకుక్క. నిజాంపేటలో మా అపార్టుమెంటు సెల్లారులో వర్షానికి తడుస్తున్న పిల్లను మా ఆవిడ పైకి తెచ్చి తుడిచిన రోజు నుంచి అది మా ఇంటిదే. దాన్ని వెంట తీసుకెళ్లాలా, ఇక్కడే ఎవరికైనా అప్పగించాలా అని తేల్చుకునే క్రమంలో మేము డబ్బు చెల్లించి రెండు సేవలు వాడుకున్నాం. ఒకటి పెంపుడు జంతువులను విదేశాలకు పంపే ఏజెన్సీవారి సలహా, రెండోది నగరం వెలుపల ఒక ఇంట్లో నడిచే కుక్కల వసతి. ఈ సమీక్ష ఆ రెండింటి గురించే. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక ఏజెన్సీ పేరు రాయడం లేదు. వసతి నడిపే ఆవిడ నాలుగు కుక్కలకు మించి తీసుకోరు కాబట్టి, తన పేరు పదిమందిలో పెట్టవద్దని ఆవిడే కోరారు.

ముందుగా ఏజెన్సీ సంగతి. మొదట సంప్రదించిన సంస్థ పది నిమిషాల్లో వాట్సాప్‌లో కొటేషన్ పంపింది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఒక వైపుకు 2.8 లక్షల రూపాయలు, అందులో సగం అడ్వాన్సు. కుక్క వయసెంత, టీకాలు ఎప్పుడు వేయించారు, మీరు ఎంతకాలం ఉంటారు అన్న ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. అడగకుండా ఇచ్చిన ధర మీద నాకు గురి కుదరలేదు. రెండో సంస్థ చిన్నది. గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడినందుకు 3,000 రూపాయలు తీసుకుంటారు, తరువాత పని వారికే అప్పగిస్తే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తారు. కుక్కను, టీకాల పుస్తకాన్ని వెంట తెమ్మన్నారు.

అక్కడ కూర్చున్న నడివయసు ఆయన కర్రికి చేయి వాసన చూపించి, చిప్ చదివే యంత్రాన్ని దాని మెడ మీదా, భుజాల మధ్యా నెమ్మదిగా రెండుసార్లు తిప్పారు. యంత్రం కూయలేదు. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ మేము ఎన్నడూ వేయించలేదు మరి. ఆయన టీకాల పుస్తకం పేజీలన్నీ తిరగేసి, మూసి, బల్ల మీద పెట్టి, “ఎనిమిదేళ్లు తప్పకుండా టీకాలు వేయించారు సార్, కానీ ఏ కుక్కకు వేయించారో ఈ పుస్తకం చెప్పదు కదా” అన్నారు. ఐరోపా సమాఖ్య లెక్కలో రేబిస్ టీకా చెల్లాలంటే, అది 15 అంకెల మైక్రోచిప్ వేసిన రోజునో, ఆ తరువాతో వేసినదై ఉండాలి. అంతకు ముందు వేసినవి కుక్క ఒంటికి పనిచేస్తాయి గాని కాగితానికి పనికిరావు. మా ఎనిమిదేళ్ల శ్రద్ధ ఆ ఒక్క మాటతో సున్నా అయిపోయింది.

తరువాత ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలు వేయడం మొదలుపెట్టారు. మూడు వేల రూపాయలకు తగిన సేవ అని నేను అనుకున్నది ఆ కాగితమే. చిప్, టీకా ఒకే రోజున. ఆ రోజు నుంచి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, ఐరోపా సమాఖ్య గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. రక్తంలో రేబిస్ ప్రతిరక్షకాలు, అంటే టీకా వల్ల ఒంట్లో పుట్టే రక్షణ పదార్థాలు, మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. దీన్నే వాడుకలో టైటర్ పరీక్ష అంటారు. రేబిస్ విషయంలో వారు నమ్మకం ఉంచే దేశాల జాబితాలో భారతదేశం లేదు కాబట్టి, రక్తం తీసిన రోజు నుంచి మరో మూడు నెలలు ఆగితేనే కుక్క అక్కడ అడుగుపెట్టగలదు. టీకా పనిచేసిందని రక్తం చెబుతున్నా మూడు నెలలు దేనికని నేను అడిగాను. టీకాకు ముందే కుక్కను పిచ్చికుక్క ఏదైనా కరిచి ఉంటే ఆ వైరస్ వారాలు, ఒక్కోసారి నెలలు లోపల దాగి ఉండగలదనీ, ఆ గడువు లోపున అది బయటపడేందుకే ఈ నిరీక్షణ అనీ ఆయన చెప్పారు. మార్చి మూడో వారంలో మొదలుపెట్టినా కర్రి ప్రయాణం జూలై నెలాఖరుకు ముందు సాధ్యం కాదు, మా ప్రయాణమేమో మే నెలలో.

పోనీ మేము ముందు వెళ్లి, కుక్కను తరువాత పంపించమంటే? దానికీ ఒక మెలిక ఉంది. సొంత పెంపుడు జంతువుగా, సులభమైన నిబంధనల కింద అది ప్రవేశించాలంటే యజమాని ప్రయాణానికి అయిదు రోజులు అటూ ఇటూగా దాని ప్రయాణం జరగాలి. ఆ గడువు దాటితే దాన్ని వ్యాపార సరుకు కిందే లెక్కగట్టి వేరే నిబంధనలు వర్తింపజేస్తారు. అంటే జూలైలో మాలో ఒకరు తిరిగొచ్చి దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ టికెట్ ఖర్చు మొదటి సంస్థవారి కొటేషన్లో లేదు. అసలు వారికి ఆ ఆలోచనే ఉన్నట్టు లేదు.

అంతకన్నా ముఖ్యమైనది ఆయన ఎర్ర సిరాతో రాసిన చివరి వరుస: “తిరుగు ప్రయాణం”. తాత్కాలికంగా వెళ్లేవారిలో చాలామంది వెళ్లే కాగితాల గురించే కొట్టుకుంటారు గాని వచ్చే కాగితాల గురించి అడగరని ఆయన అన్నారు. నేనూ అడగలేదు. అప్పటి మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం కుక్కను సామానుగా, అదీ రెండింటికి మించకుండా, వెంట తెచ్చుకునే వీలు విదేశంలో నివాసం ముగించుకుని ఇక్కడికి మకాం మార్చేవారికి ఉంది. ఆ మకాం మార్పు వెసులుబాటుకు మామూలుగా రెండేళ్ల విదేశీ నివాసం ఉండాలని ఆయన చెప్పారు. పదకొండు నెలలకు తిరిగొచ్చేవారు ఆ గొడుగు కిందికి రారు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి లైసెన్సు తెచ్చుకునే దారి ఉంది గాని, ఒక ఊరకుక్కను దాని సొంత ఊరికి తెచ్చుకోవడానికి దిగుమతి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టడమనే ఊహకే మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వెళ్లేముందు శంషాబాద్‌లోని కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయంలో కుక్కను చూపించి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలనీ, ఐరోపాకు ఆ పత్రం జారీ అయిన పది రోజుల్లోపు చేరాలనీ కూడా వివరించారు. వేరే దేశాలకు వెళ్లేవారికి ఉపయోగపడవచ్చు కాబట్టి ఆయన నోట విన్న రెండు ముక్కలు ఇక్కడ చేరుస్తున్నాను. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు కఠినం చేసింది. మన దేశం వారి దృష్టిలో కుక్కల రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశం కనుక, ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు ఆరు నెలలు నిండి ఉండాలి, చిప్ ఉండాలి, టైటర్ ఫలితం లేకపోతే అక్కడ 28 రోజుల క్వారంటైన్ తప్పదు, దిగే విమానాశ్రయాలు కూడా కొన్నే. ఆస్ట్రేలియాకైతే భారతదేశం నుంచి నేరుగా పంపే వీలే లేదు, వారు ఆమోదించిన మరో దేశం మీదుగా వెళ్లాలి. ఏడాది ప్రాజెక్టు కోసం ఆస్ట్రేలియాకు కుక్కను తీసుకెళ్లాలనుకునేవారు ఈ వాక్యం దగ్గరే ఆగిపోవచ్చు.

విమానం గురించి నాకున్న భయాల్లో కొన్ని తీరాయి, కొన్ని కొత్తగా పుట్టాయి. కుక్కలు ప్రయాణించే సరుకుల అరలో గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటాయి. అసలు గండం విమానం ఎక్కేముందు, దిగిన తరువాత, ఎండలో నేల మీద గడిచే సమయమట. నిద్రమాత్ర వేసి పంపుదామన్న మా ఆలోచనను ఆయన గట్టిగా ఖండించారు. మత్తులో ఉన్న కుక్కకు రక్తపోటు పడిపోయినా, ఊపిరి అందకపోయినా పైన చూసేవారు ఉండరు. మందు కన్నా, కుక్క ప్రయాణించే పెట్టెను, అంటే క్రేటును, నెలన్నర ముందే ఇంట్లో పెట్టి, తలుపు తీసి ఉంచి, అందులోనే అన్నం పెట్టి అలవాటు చేయడమే మేలన్నారు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులను చాలా విమాన సంస్థలు అసలు ఎక్కించుకోవు. కర్రికి ముక్కు పొడుగు కనుక ఆ చిక్కు లేదు.

చివర్లో ఆయన వేసిన ప్రశ్న ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. “అక్కడ పగలు ఇంట్లో ఎవరుంటారు సార్?” మేమిద్దరం ఉద్యోగానికి, అమ్మాయి బడికి. ఇక్కడైతే పగలంతా పనిమనిషి, పక్కింటి పిల్లలు, వాచ్‌మన్ కుటుంబం. కర్రి ఒంటరిగా ఉండే గంట రోజు మొత్తంలో ఒక్కటి కూడా ఉండదు. తన వ్యాపారానికి నష్టం కలిగించే ప్రశ్నను తానే వేసినందుకు ఆయనకు నా మార్కులు అయిదుకు అయిదు. సంస్థకు మాత్రం నాలుగే ఇస్తాను, దానికి కారణం ఉంది. ప్రాజెక్టు గడువు పొడిగిస్తే ఎలాగన్న ముందుచూపుతో, కుక్కను తీసుకెళ్లకపోయినా చిప్, టీకా, టైటర్ పరీక్ష వారి ద్వారానే చేయించాం. ఒకసారి టైటర్ నెగ్గాక రేబిస్ టీకాను గడువు తప్పకుండా వేయిస్తూ ఉంటే ఐరోపా కోసం ఆ పరీక్ష మళ్లీ చేయించనక్కరలేదు కాబట్టి అది వృథా ఖర్చు కాదు. అయితే వారిచ్చిన చిప్ ధ్రువపత్రంలో పదిహేను అంకెల్లో పదకొండోది తప్పు పడింది. మా అమ్మాయి ఆటగా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అంకెలు చదువుతుంటే బయటపడింది. విమానాశ్రయంలో బయటపడి ఉంటే కుక్కను వెనక్కి పంపేవారు. సరిచేయడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది, “ప్రింటింగ్ మిస్టేక్ సార్” అన్నారే గాని క్షమించమని అనలేదు.

కుక్కను వదిలి వెళ్లడమని తేలాక, ఎక్కడన్నది రెండో ప్రశ్న. వైరా దగ్గర ఊళ్లో ఉన్న మా అమ్మ, “కుక్కేగా, నా దగ్గర పడేసి పోండ్రా, ఇంత ముద్ద తిని పడి ఉంటది” అంది. అమ్మ మనసు సరే, మోకాళ్లు సరిగా లేవు. ఆ వీధిలో ఇప్పటికే ఆరు కుక్కల రాజ్యం నడుస్తోంది, వాటిలోకి ఎనిమిదేళ్ల పట్నపు కుక్కను దింపితే మొదటి వారంలోనే చెవి తెగుతుంది. నగరంలో నాలుగు బోర్డింగులు చూశాం. మూడింట్లో వరుసగా ఇనుప గదులు, ఫినాయిల్ వాసన, ఎడతెగని మొరుగుడు. వారం రోజులకు పనికొస్తాయేమో గాని పదకొండు నెలలకు పనికిరావు. నాలుగోది మొయినాబాద్ దాటాక, మామిడి చెట్ల మధ్య ఒక పాత డాబా ఇల్లు. నడిపేది పదవీ విరమణ చేసిన బడిపంతులమ్మ, అందరూ టీచరుగారనే పిలుస్తారు.

టీచరుగారు ముందుగా ధర చెప్పలేదు, మూడు రాత్రులు కుక్కను వదిలి వెళ్లండి, అది ఒప్పుకుంటే అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. ఆ మూడు రోజులకు డబ్బు తీసుకోలేదు. ఆవిడ దగ్గర ప్రతి కుక్కకూ ఒక రూళ్ల నోటుబుక్కు ఉంటుంది. తిన్నదెంత, మిగిల్చినదెంత, విరేచనం ఎలా ఉంది, ఎవరితో ఆడింది అని రోజూ బడి హాజరుపట్టీలా నింపుతారు. కర్రి పుస్తకంలో మొదటి రాత్రి పేజీలో ఇలా ఉంది: “రాత్రి 2 వరకు గేటు దగ్గర. నీళ్లు తాగలేదు. 2.10కి నా మంచం కిందకు వచ్చినాడు.” మూడో రోజు పేజీలో అన్నం మొత్తం తిన్నట్టు రాసి ఉంది. నెలకు 14,000 రూపాయలు, మందుల ఖర్చు వేరు, 10,000 లోపు వైద్యానికి నన్ను అడగకుండా ఖర్చుపెట్టే అధికారం అని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. మా ఇంటి పాత దుప్పటి ఒకటి, ఉతక్కుండా, ఇచ్చి రమ్మన్నారు.

జర్మనీ వెళ్లిన కొత్తలో మేము చేసిన తప్పు వీడియో కాల్. వారానికి రెండుసార్లు ఫోనులో “కర్రీ” అని పిలిచేవాళ్లం. అది ఫోను వెనక్కి వెళ్లి వెతికేది, చెట్ల వెనకా, గేటు దగ్గరా వెతికేది, ఆ రాత్రి అన్నం ముట్టేది కాదు. మూడో వారం టీచరుగారు, “మీకు చూడాలని ఉంటే నేను తీసి పంపుతాను బాబూ, వాడికి మాత్రం మీ గొంతు వినిపించకండి” అని చెప్పారు. ఆ మాట మాకు కష్టంగా తోచినా అది కుక్క పక్షాన చెప్పిన మాట. డబ్బిచ్చే మమ్మల్ని సంతోషపెట్టడం సులువు, ఆవిడ ఆ పని చేయలేదు.

ఇక ఫిర్యాదు. ఆగస్టు వానల్లో కర్రికి పిడుదుల వల్ల జ్వరం వచ్చింది. మన ప్రాంతంలో కుక్కలకు ఇది కొత్తదేమీ కాదు. పిడుదు కరిచినప్పుడు రక్తంలో చేరే క్రిమి ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే ముక్కు నుంచి రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. సోమవారం అన్నం వదిలేసినట్టు నోటుబుక్కులో ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది బుధవారం, మాకు చెప్పింది గురువారం. అప్పటికి మందు మొదలైంది, ప్రమాదం తప్పింది, బిల్లు 9,000 దాకా అయింది. ఎందుకు వెంటనే చెప్పలేదని నిలదీస్తే, “అంత దూరం నుంచి మీరేం చేయగలరని చెప్పలేదు” అన్నారు. నేను ఏమీ చేయలేకపోవచ్చు, కానీ సోమవారమే డాక్టరు దగ్గరికి వెళ్లమని మాత్రం చెప్పగలిగేవాణ్ని. పిడుదుల మందు నెలనెలా వేయాలని మా కాగితంలో రాసుకోకపోవడం నా తప్పు. అన్నం మానేసిన కుక్కకు రెండు రోజులు ఆగడం ఆవిడ తప్పు. ఆ తరువాత, ఒక పూట తినకపోయినా ఆ రోజే సందేశం పెట్టాలన్న వరుస ఒప్పందంలో చేర్పించాను. చివరి వరకు ఆవిడ దాన్ని పాటించారు. దీపావళి నాడు కర్రిని లోపలి గదిలో పెట్టి, ఫ్యాను పెద్దది చేసి, రేడియో వేసి, పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతున్న వీడియో కూడా పంపారు.

మరి తీసుకెళ్లకపోవడం సరైనదేనా? ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన మొదటి నెలలో నాకు గట్టి సందేహమే వచ్చింది. అక్కడ కుక్కలు రైలెక్కుతాయి, పెద్దవాటికి టికెట్ కొని మూతికి జాలీ కడతారు. హోటళ్లలో బల్ల కింద పడుకుంటాయి, వాటికి నీళ్ల గిన్నె తెచ్చిపెట్టేది వెయిటరే. ఏటా మునిసిపాలిటీకి కుక్క పన్ను కట్టే ఊళ్లో కుక్కకు మర్యాద దొరకడంలో వింత లేదు. మా అమ్మాయి రైల్లో ప్రతి నల్ల కుక్కనూ చూసి మొహం తిప్పుకునేది. అయితే డిసెంబరులో ఎనిమిది దాటితేగాని తెల్లవారేది కాదు, అయిదు కాకముందే చీకటి పడేది. మా అద్దె ఒప్పందంలో కుక్కకు ఇంటి యజమాని అనుమతి కావాలన్న షరతు ఉంది. మేము ఇంటికి చేరేసరికి ఆరున్నర అయ్యేది. ఆ మూడో అంతస్తు గదిలో, కిటికీ కింద మంచు తప్ప మరేమీ లేని రోజుల్లో, కర్రి పదిగంటలు ఒంటరిగా కూర్చుని ఉండేదని తలుచుకుంటే సందేహం తగ్గింది.

ఖర్చు కూడా చెప్పాలి. పదకొండు నెలల వసతికి 1.54 లక్షలు, వైద్యం, పరీక్షలు కలుపుకుని రెండు లక్షలకు లోపు. తీసుకెళ్లి ఉంటే ఒక వైపు రవాణాకే అంతకు మించేది. డబ్బు ఒక్కటే లెక్క అయితే మాత్రం ఇంత రాసేవాణ్ని కాదు. రెండేళ్లకు పైగా వెళ్లేవారు, కుక్క వయసు తక్కువై, పగలు ఇంట్లో ఒకరుండే కుటుంబం, అయిదారు నెలల ముందే తేదీ తెలిసినవారు తప్పక తీసుకెళ్లాలనే నా అభిప్రాయం. అలాంటివారు ఆ 3,000 రూపాయల సలహాతో మొదలుపెట్టి, వారిచ్చే ప్రతి కాగితంలో ప్రతి అంకెనూ స్వయంగా సరిచూసుకోవాలి. మాలాగా ఏడాదిలోపు తిరిగొచ్చేవారు వసతి వెతకడం మేలు. అయితే మూడు రాత్రుల పరీక్ష లేకుండా ఎక్కడా వదలవద్దు, పిడుదుల మందు సంగతి సంతకానికి ముందే రాయించుకోవాలి. వసతికి నా రేటింగు కూడా నాలుగే. ఆగస్టులోని ఆ మూడు రోజులు లేకపోతే అయిదు ఇచ్చేవాణ్ని.

ఏప్రిల్ చివర్లో తిరిగొచ్చిన మర్నాడే మొయినాబాద్ వెళ్లాం. కర్రి గేటు దగ్గరకు వచ్చి, మొరగకుండా నా బూట్లు చాలాసేపు వాసన చూసి, వెనక్కి తిరిగి వెళ్లి టీచరుగారి కాళ్ల దగ్గర కూర్చుంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. టీచరుగారు ఏమీ అనకుండా కారు తలుపు తీసి పట్టుకున్నారు. అది రెండు నిమిషాలు ఆలోచించినట్టు నిలబడి, ఒక్క ఉదుటున వెనక సీటు ఎక్కి, ఎప్పుడూ కూర్చునే ఎడమ కిటికీ దగ్గరే కూర్చుంది. ఇంటికి వచ్చి నెల దాటినా సాయంత్రం ఆరుకల్లా వంటింటి గడప దగ్గరకు వచ్చి, తల పైకెత్తి నిలబడుతోంది. ఎందుకో తెలియక టీచరుగారికి ఫోను చేస్తే, అది తాను పెరుగన్నం కలిపే వేళ అని చెప్పారు.